పునరాగత ధారావాహికలు – ప్రేక్షకాదరణము: గుండుగొలను ప్రాంత నాటకానుభవము నాధారముగా నొక విచారణ

2020 మార్చి 28వ తేదీన దూరదర్శన్ సంస్థ రామానంద్ సాగర్ నిర్మించిన 'రామాయణ్' ధారావాహికను ఉదయము 9 గంటలకును, రాత్రి 9 గంటలకును మరల ప్రసారము చేయ నారంభించినది. ఈ ధారావాహిక మొదట 1987 జనవరి 25 నుండి 1988 జూలై 31 వరకు ఆదివారములయందు ప్రసారమైనది. మూడు దశాబ్దములు గడచిన పిమ్మట, 2020 ఏప్రిల్ 16 నాటి ప్రసారమును 7 కోట్ల 70 లక్షల మంది చూచిరని దూరదర్శన్ ప్రకటించెను. దీనికి సామాన్యముగా చెప్పబడు కారణ మొక్కటియే: కోవిడ్ వ్యాధి కారణమున జనులందరు ఇండ్లయందే యుండిరి, వేరు వ్యాపకము లేదు, కనుక చూచిరి. ఈ మాట అసత్యము కాదు గాని చాలినది కాదు. ఆ వారములయందే 'సర్కస్', 'బ్యోమ్‌కేశ్ బక్షీ', 'శక్తిమాన్', 'చాణక్య' మున్నగు పాత ధారావాహికలును మరల వచ్చినవి. ఇండ్ల తలుపులు అన్నిటి విషయమునను ఒకే తీరుగ మూయబడియే యున్నవి. అయినను వానిలో నొక్కటియు రామాయణపు దరి చేరలేదు. కావున తలుపులు మూయబడుట అవకాశమే కాని హేతువు కాదు. హేతువును వేరుచోట వెదకవలసి యున్నది.

నేను దానిని మా ప్రాంతపు నాటక రంగమున వెదకుచున్నాను. దూరదర్శన ధారావాహికలను గూర్చి విచారింప బూని పద్యనాటకముల జోలికి పోవుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని తెలిసిన కథను తెలిసియు మరల చూచుట యనునది మనకు టెలివిజనుతో వచ్చిన యలవాటు కాదు. నూరేండ్లుగా తెలుగు పల్లెలయందు ఈ ప్రయోగము జరుగుచునే యున్నది. ఏది నిలిచినదో, ఏది నిలువలేదో చెప్పగల సాక్షులు ఇంకను కొందరు సజీవులై యున్నారు.

గుండుగొలను గ్రామము ఏలూరునకును తాడేపల్లిగూడెమునకును నడుమ రాజమార్గముపై నున్నది. పూర్వము పశ్చిమ గోదావరి జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4 నుండి ఏలూరు జిల్లాలోనిది. పేరులోనే కొలను కలదు; దక్షిణమున కొల్లేరు కలదు. ఈ సీమకు నాటకము క్రొత్త కాదు. కొల్లేటి యొడ్డునున్న ఆటపాకయందు 1907లో జన్మించిన బందా కనకలింగేశ్వరరావుగారు ఏలూరున న్యాయవాదవృత్తి నవలంబించి, అచ్చటనే ప్రభాత్ థియేటర్స్ అను నాటకసంస్థను స్థాపించి నడపిరి. కూచిపూడి నాట్యమునకు వారు చేసిన సేవను లోకమెరుగును గాని, వారి నటజీవితమునకు మూలము ఈ పల్లపు నేలల నాటకాభిమానమే యని నా తలంపు. తిరునాళ్ళకును, పంటలు చేతికి వచ్చిన దినములయందును నాటకమాడించుట ఇచ్చటి పల్లెల వాడుక. లంకగ్రామములవారు తాటిదోనెలపై గట్టుకు చేరి, అచ్చటి నుండి బండ్లపై వచ్చి, తెల్లవారుదాక కూర్చుండి చూచిపోయెడివారని మా పెద్దలు చెప్పుదురు.

వారు చూచినవి చాలవరకు కంట్రాక్టు నాటకములు. పెద్ద సమాజములు చెదరిన పిమ్మట ఒక గుత్తదారుడు పేరుపొందిన నటులను వేర్వేరు ఊళ్ళనుండి పిలిపించి, ఒక రాత్రికి ఒక వేదికపై కూర్చెడివాడు. వారు కలిసి అభ్యాసము చేసినవారు కారు. కొందరు ముఖములకు రంగు పూసికొను వేళనే మొదట కలిసికొనెడివారు. అయినను నాటకము నడచెడిది. ఏలయన నటులకును, ఎదుట కూర్చున్నవారికిని కూడ నాటకము కంఠస్థమై యుండెడిది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములలో పడకసీను తరువాత రాయబారము వచ్చునని ఎరుగనివారు ఆ జనములో లేరు. తెలియనిది ఒక్కటే: నేటి రాత్రి ఆ పద్యము ఎట్లు పాడబడును?

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. ఒకే రాత్రి ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు అని ఇద్దరు నటులు ఒకే పాత్రను పంచుకొనుట పరిపాటి. పడకసీనులో చూచిన కృష్ణుడు రాయబారములో కనబడడు. వేరొక ముఖము, వేరొక కంఠము వచ్చును. దీనిని ప్రేక్షకులు లోపముగా తలపలేదు సరికదా, ఇద్దరిని సరితూచి చూచు వేడుకగా స్వీకరించిరి. పాత్రకు ముఖము మారవచ్చును. పద్యము మాత్రము మారరాదు. పద్యము తప్పిన నటుని జనము క్షమింపరు. పద్యము పండించినవానిని 'వన్స్ మోర్' అని కేకవేసి మరల పాడింతురు. అనగా ప్రేక్షకుడు తన జ్ఞాపకమును తగిలించి యుంచిన కొయ్య పద్యము. దీనినే నేను ఈ వ్యాసమున 'ఆలంబనము' అని పేర్కొనుచున్నాను. అలంకారశాస్త్రమున ఈ పదమునకు గల పారిభాషికార్థము వేరు. పండితులు మన్నింతురు గాక.

ఆలంబనము గ్రంథకర్త నిర్ణయించునది కాదు. దీనికి బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి సత్య హరిశ్చంద్రీయమును మించిన నిదర్శనము లేదు. ఆ నాటకపు కాటిసీనులో గుర్రం జాషువాగారి శ్మశానవాటి పద్యములను నటులు చేర్చి పాడ మొదలిడిరి. అవి బలిజేపల్లివారి రచన కావు. జాషువాగారు ఆ నాటకమునకై వ్రాసినవియు కావు. అయినను కాలక్రమమున అవి లేని కాటిసీను అసంపూర్ణమను భావము జనములో నెలకొన్నది. ఒక కవి నాటకమునకు మరియొక కవి పద్యములు ప్రాణమైనవి. ఇది పాఠపరిష్కర్తలకు ప్రక్షిప్తము, ప్రేక్షకులకు మూలము.

ఈ సత్యము నాకు పుస్తకములచేత తెలియలేదు. సుమారు పదేండ్ల క్రిందట, నేను పనిచేయుచుండిన కళాశాలలో హరిశ్చంద్ర నాటకమును పునరుద్ధరింప బూనితిమి. ప్రదర్శన ప్రతిని సిద్ధపరచు పని నాది. అప్పటికి క్రొత్తగా డాక్టరేటు పట్టము పొందియుంటిని. పాఠశుద్ధిపై మక్కువ మెండు. గ్రంథకర్త వ్రాయని ప్రతి పద్యమును కొట్టివేసితిని. చుట్టుప్రక్కల పల్లెలనుండి జనము బాగుగనే వచ్చిరి. కాటిసీను ముగియుటతోడనే మూడవవంతు లేచి పోయిరి. నేను ద్వారమునొద్ద నిలిచి, గుండుగొలను వైపు నుండి వచ్చిన ఒక వృద్ధుని కారణమడిగితిని. ఆయన నన్ను జాలిగ చూచి, "ఆ కాటికాడ పద్యాలు పాడలేదేంటండీ? అయి లేకపోతే ఇంకేం చూస్తామండీ, ఆయ్?" అనెను. నటులు మంచివారే, తెరలు మంచివే, కథయు అదియే. ఆయన పదునైదు మైళ్ళు వచ్చినది దేనికో దానిని నేను నా కలముతో కొట్టివేసితిని. ఆ తప్పు పూర్తిగ నాదే. తరువాతి సంవత్సరము మరల ఆడించినపుడు పద్యములను చేర్చితిమి గాని, అప్పటికి ఆ పల్లెలవారు రాలేదు.

అన్ని నాటకములకు ఆలంబనము పద్యమే యని చెప్పుట కాదు. 1885లో కడప మండలపు సురభి గ్రామమున కీచకవధతో ప్రారంభమైన సురభి నాటకములనే చూడుడు. అచ్చట తాత వేసిన వేషమును మనుమడు వేయును. ముఖములు తరతరములకు మారును. మాయాబజారును నేటికిని జనము చూచుట వేదికపై జరుగు మాయలకై. ఆ మాయలు తీసివేసి సంభాషణములు మాత్రము మిగిల్చినచో సురభివారి డేరా నిండునని నేననుకొనను.

ఇక టెలివిజను సంగతి. 1988 అక్టోబరు 2 నుండి 1990 జూన్ 24 వరకు బి. ఆర్. చోప్రాగారి 'మహాభారత్' ప్రసారమైనపుడు నేను బాలుడను. మా వీథిలో ఒకే యింట టెలివిజను ఉండెడిది. ఆదివారమునాడు కరెంటు పోవునను భయముచేత ముందుగనే ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి వసారాలో పెట్టెడివారు. మా మామ్మకు హిందీ ఒక్క ముక్కయు రాదు. ఐనను ఆమె ప్రతి వారము ముందువరుసలో కూర్చుండి, రాబోవు ఘట్టమును మాకు ముందే చెప్పుచుండెడిది. కృష్ణుడు శయనించియుండగా అర్జున దుర్యోధనులు వచ్చు ఘట్టము నాడు, "ఇది పడకసీనురా, చూడండి" అని అందరిని హెచ్చరించి, ముగిసిన పిమ్మట, "కిట్టుడు బానే ఉన్నాడు గానీ, పద్యం లేదేంట్రా?" అని నిట్టూర్చెను. మా మామ్మ తరము పద్యమును వెదకినది. ఆమె ప్రక్కన కూర్చున్న మేము నీతీశ్ భారద్వాజ్ ముఖమును నేర్చుకొంటిమి. మాకు నేటికిని కృష్ణుడనగా ముందు ఆ చిరునవ్వు తోచును. ఒకే వసారాలో ఒకే ఘట్టమును చూచుచు రెండు తరములవారు రెండు వేర్వేరు ఆలంబనములను పట్టుకొనిరి.

టెలివిజను తెరపై ముఖము పెద్దది, స్వరము చిన్నది. నాటకపు కడపటి వరుసలో కూర్చున్నవానికి నటుని కన్నులు కానరావు. గొంతు మాత్రమే చేరును. ఇంటిలో నాలుగడుగుల దూరమున కూర్చున్నవారికి కన్నీటిబొట్టు సైతము కనబడును. పైగా ధారావాహిక ప్రతిదినము వచ్చును. ఏండ్ల తరబడి ప్రతి సాయంకాలము ఒక ముఖమును చూచినచో, అది పాత్రముఖముగ కాక ఇంటివారి ముఖముగ పరిణమించును. ఈ కారణమున దైనందిన ధారావాహికకు ఆలంబనము ముఖమగుచున్నది. మరలివచ్చిన ధారావాహిక ఆ ముఖమును తెచ్చెనా, లేక పేరును మాత్రమే తెచ్చెనా యను దానిపై ఆదరణము ఆధారపడి యుండునని నా ప్రతిపాదనము.

దీనికి ఒకే నిర్మాణసంస్థ చేసిన ప్రయత్నములు అనుకూలమైన పరీక్షగా నున్నవి. బాలాజీ టెలీఫిలిమ్స్ వారి 'కసౌటీ జిందగీ కే' 2001 నుండి 2008 వరకు నడచినది. 2018లో అదే పేరుతో, అవే పాత్రలతో, క్రొత్త నటులతో దానిని మరల తీసిరి. పేరుచేత ఆరంభమున జనము వచ్చిరి గాని ఆ యూపు నిలువలేదు, 2020లో ముగిసినది. ఆ సంస్థవారి 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' 2000 నుండి 2008 వరకు నడచినది. 2025 జూలై 29న అది మరల వచ్చినపుడు తులసిగా స్మృతి ఇరానీ, మిహిర్‌గా అమర్ ఉపాధ్యాయ్ తామే వచ్చిరి. పదునేడేండ్ల వయస్సు వారి ముఖములపై స్పష్టముగ కనబడుచున్నను, అది కొరత కాలేదు. చూచువారికిని అన్నియేండ్లు గడచినవి గదా. ఈ రెండవ పునరాగమనము తొలి వారములనుండియే అగ్రశ్రేణిలో నిలిచినది.

దీనికి విరుద్ధముగ తోచు నిదర్శనమును దాచుట న్యాయము కాదు. 2013 సెప్టెంబరు నుండి 2014 ఆగస్టు వరకు స్టార్ ప్లస్‌లో వచ్చిన 'మహాభారత్' పూర్తిగా క్రొత్త ముఖములతో వచ్చియు విశేషాదరణ పొందినది. ముఖమే ఆలంబనమైనచో ఇది యెట్లు? ఇచ్చట మా పల్లెల ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు జ్ఞప్తికి రావలెను. పురాణపాత్రకు ఏ ఒక్క నటుడును హక్కుదారు కాడు. నటుడు మారినను కిరీటము, నెమలిపింఛము, సభామర్యాద మారనంతవరకు జనము ఆ వేషమును అంగీకరింతురు. 2008 జూలైలో '9ఎక్స్' ఛానెలుపై బాలాజీవారే తీసిన భారతకథయు క్రొత్త ముఖములదే. కాని అందులో వేషధారణమును నేటి కాలపు సొగసునకు మార్చిరి. పచ్చబొట్లు సైతము చేర్చిరి. అది నాలుగైదు నెలలలోనే ఆగిపోయినది. ముఖము మారుట దానికి చేటు తేలేదు. ఆహార్యము మారుటయే చేటు తెచ్చినదని నా తలంపు. సాంఘిక కథకు ఒక ఆలంబనము, పురాణ కథకు మరియొకటి. ఏది దేనికో గుర్తింపనివాడు నాటకమునైనను, సీరియలునైనను బ్రతికింపజాలడు.

తెలుగున దీనికి సాటిలేని నిదర్శనము 'కార్తీక దీపము'. పండితులు ముఖము చిట్లింపవచ్చును గాని, గుండుగొలనులో ఏడున్నర గంటలకు వీథిలో మనుష్యసంచారము తగ్గుటను నేను కన్నులార చూచితిని. మలయాళమున 2014లో వచ్చిన 'కరుత్తముత్తు' దీనికి మూలము. ఆ పేరునకు నల్లముత్యమని యర్థము. శరీరచ్ఛాయ కారణమున అవమానింపబడిన స్త్రీ కథ యిది. మలయాళమున నాయికగ నటించిన ప్రేమి విశ్వనాథ్ తెలుగునను దీపగా నటించెను. డాక్టరు కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల నటించెను. 2017 అక్టోబరు 16న స్టార్ మా ఛానెలుపై ప్రారంభమై, ఏండ్ల తరబడి తెలుగు ధారావాహికలలో అగ్రస్థానము వహించినది.

2022 మార్చిలో కథకులు ఒక సాహసము చేసిరి. దీపను, కార్తీక్‌ను ప్రమాదమున తొలగించి, కథను వారి కుమార్తెల యౌవనమునకు తరలించిరి. పేరదియే, వేళ యదియే, కుటుంబ మదియే. ముఖములు మాత్రము వేరు. ఆదరణము వెంటనే క్షీణించినది. ఆ సంవత్సరమే దీపను బ్రతికియున్నదని చూపి మరల తీసికొనివచ్చిరి. అయినను పూర్వపు ఉచ్ఛ్రాయము రాలేదు. 2023 జనవరి 23న ధారావాహిక ముగిసినది. దీనిచేత నా ప్రతిపాదనమునకు ఒక సవరణ యవసరమగుచున్నది. ముఖము మరలివచ్చినంత మాత్రమున చాలదు. ప్రేక్షకుని యెదుట ఒకసారి మరణించి, అతనిచే కన్నీరు పెట్టించి, కొన్ని నెలలకే తిరిగివచ్చిన ముఖమును అతడు మునుపటివలె నమ్మడు. మా ఊరిలో నొక గృహిణి దీనిని సూటిగ చెప్పినది: "మేం ఏడ్చేశాం కదండీ, మళ్ళీ ఎందుకొచ్చినట్టు?"

పిమ్మట పదునాలుగు నెలలు గడచినవి. 2024 మార్చి 25న 'కార్తీక దీపము – ఇది నవ వసంతము' అను పేర రెండవ భాగము వచ్చినది. ఇందులో కథ పూర్వకథకు కొనసాగింపు కాదు, వేరు కథ. పూర్వపు దంపతులు ఇచ్చట తొలుత దంపతులు కారు. దీప వేరొకని భార్య. నిలిచినవి మూడు: ఆ పేర్లు, ఆ ఇద్దరి ముఖములు, ఆ దీపము. తర్కము ప్రకారము ఇది జనమునకు తికమక కలిగింపవలెను. కాని కలుగలేదు. ఈ రెండవ భాగము త్వరలోనే తెలుగు ధారావాహికలలో అగ్రస్థానమునకు చేరినది. కథ మారినను ఆలంబనము నిలిచినచో ప్రేక్షకుడు నిలుచుననుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము నాకు కనబడలేదు. పాత కథను చంపి ముఖమును లేపిన 2022 నాటి ప్రయత్నము నిలువలేదు. పాత కథను శాంతముగ ముగియనిచ్చి, కొంత విరామము తరువాత ముఖమునకు క్రొత్త కథ నిచ్చిన 2024 నాటి ప్రయత్నము నిలిచినది.

విదేశములలోను ఇట్టివే జరిగినవి. ఇంగ్లండున 1964 నుండి 1988 వరకు నడచిన 'క్రాస్‌రోడ్స్' 2001లో మరల వచ్చినపుడు, పాతవారిలో కొలదిమందినే తెచ్చి, వారిలో ముఖ్యురాలైన జిల్ అను పాత్రను కొన్ని నెలలకే హత్య చేయించిరి. 2003లో మరియొకసారి రూపము మార్చియు నిలుపలేక, చివరకు అదంతయు ఒక దుకాణపు పనికత్తె పగటికలయని ముగించిరి. అమెరికాలో 1978 నుండి 1991 వరకు వచ్చిన 'డాలస్' 2012లో పాత నటులతోనే తిరిగివచ్చినపుడు తొలి భాగమును సుమారు 69 లక్షల మంది చూచిరి. ఆ సంవత్సరము నవంబరులో జె. ఆర్. పాత్రధారి లారీ హాగ్‌మన్ మరణించెను. 2014తో ధారావాహికయు ముగిసినది. 1981 నాటి 'డైనస్టీ'ని 2017లో క్రొత్తవారితో తీయగా చూచినవారు స్వల్పము. అయినను అది 2022 వరకు నడచినది. విదేశములకు అమ్ముడుపోవుటయే కారణము. ఎన్నియేండ్లు నడచినదనుటయు, ఎందరు చూచిరనుటయు ఒకటి కాదని పరిశోధకులు గుర్తుంచుకొనవలెను.

ఆలంబనముతో పాటు వేళను గూర్చి యొక మాట. 2020లో రామాయణము ఉదయము తొమ్మిదింటికి, రాత్రి తొమ్మిదింటికి వచ్చినది. ఇంటిల్లిపాది ఒకచోట కూర్చుండుటకు అనువైన వేళలవి. అంతకు ముందే ఆ ధారావాహిక యంతయు ఇంటర్నెట్టులో లభ్యమై యున్నది. ఎవరైనను ఎప్పుడైనను చూడవచ్చును. అయినను అన్ని కోట్ల మంది ఒక్కసారి దానిని వెదకికొని పోలేదు. ఊరంతయు ఒకే ఘట్టమును ఒకే వేళ చూచుచున్నదను నెరుక లేనిచో, తెలిసిన కథను మరల చూచుటలో రుచి సగము తగ్గును. 'వన్స్ మోర్' అని ఒంటరిగ కేకవేయువాడు ఎవడు?

ఈ విచారణకు నన్ను పురికొల్పినది టెలివిజను కాదని పాఠకులు ఈపాటికి గ్రహించియుందురు. పద్యనాటకమును బ్రతికింపవలెనను ప్రయత్నములు నేడు కళాశాలలయందును, పోటీలయందును జరుగుచున్నవి. రెండు గంటలలో ముగియవలెనని రాగాలాపమును కత్తిరింతురు. వన్స్ మోరుకు తావీయరు. సాయంకాలము ఆరింటికే, పల్లెవాడు పొలమునుండి రాకమునుపే, తెరదీయుదురు. కథ యంతయు ఉండును. తెరలు, దీపములు పూర్వముకంటె మిన్నగ నుండును. పిమ్మట జనము రాలేదని, అభిరుచి నశించినదని వాపోవుదురు. నేనును ఒకనాడు అట్లు వాపోయినవాడనే. ఏడున్నరకు దీపకొరకు వీథి విడిచిపోవు జనమునకు అభిరుచి నశించినదనుటకంటె, వారు పట్టుకొన్నదానిని మేము తీసివేసితిమనుట సరియైన మాట.

ఏ నాటకమున, ఏ ఘట్టమున, ఏ పద్యము ఏ రాగమున పాడబడినపుడు ఈ సీమవారు మరల పాడించెడివారో వ్రాతమూలకముగ నిలిచియున్నది స్వల్పము. అది వృద్ధుల జ్ఞాపకమున నున్నది. గుండుగొలను, పూళ్ళ, భీమడోలు గ్రామములలో దానిని సేకరించి వ్రాసికొను పనిని గత వేసవిలో మా పరిశోధక విద్యార్థులతో ప్రారంభించితిని. నాటకప్రతులను చేతబట్టుకొని పోయితిమి. మూడవ దినమునకు వానిని సంచిలో పెట్టివేసి, వారు పాడినది పాడినట్లు వ్రాసికొనుచున్నాము.